నాన్నమ్మ మందు గురించి, నీ టెస్ట్ గురించి

అమ్మడూ,

నువ్వు పంపిన వార్త చదివా. "అల్జీమర్స్‌కి మందొచ్చేసిందంట నాన్నా, నాన్నమ్మకి ఎందుకు ఇప్పించట్లేదు" అని అడిగావు, దాని కిందే ఇంకో లైన్‌లో "నేను కూడా జీన్ టెస్ట్ చేయించుకోనా" అని పెట్టావు. రెండోది నువ్వు మామూలుగా అడిగినట్టే రాశావు గానీ నీ భయమంతా ఆ లైన్‌లోనే ఉందని నాకు తెలుసు. ఫోన్‌లో అయితే మధ్యలో ఎవరో ఒకరు వచ్చి మాట మారిపోతుంది, అందుకని కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదువుకో.

ముందు ఆ మందు సంగతి. దాని పేరు లెకానెమాబ్, 2023 జులైలో ఎఫ్‌డీఏ, అంటే అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ, పూర్తి అనుమతి ఇచ్చింది. దాని తర్వాత 2024 జులైలో డొనానెమాబ్ అని ఇంకోటి వచ్చింది. అనుమతి వచ్చినప్పుడు రెండూ సెలైన్ ఎక్కించినట్టు నరంలోకి ఎక్కించేవే, మొదటిది రెండు వారాలకోసారి, రెండోది నెలకోసారి. మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలు ముద్దలుగా పేరుకుపోతుంది కదా, ఈ మందులు దాన్ని పట్టుకుని బయటికి పంపేస్తాయి. నిజంగానే పంపేస్తాయి, స్కాన్‌లో ముందు, తర్వాత చూస్తే తేడా కళ్ళకి కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ మనకున్నవి డొనెపెజిల్, మెమాంటిన్ లాంటి మాత్రలే, అవి లక్షణాలని కొంతకాలం కాస్త అదుపులో పెడతాయి తప్ప లోపల జరిగేదాని జోలికి పోవు. అందుకే జబ్బు మూలం మీద పనిచేసే మందు రావడం చిన్న విషయం కాదు, నేనూ ఆ మాట ఒప్పుకుంటా.

కానీ నువ్వు చదివిన వార్తలో "27 శాతం" అని హెడ్డింగ్ పెట్టారు చూడు, అక్కడ కొంచెం ఆగాలి. అంటే జబ్బు 27 శాతం తగ్గిందని కాదమ్మా. లెకానెమాబ్‌ని పరీక్షించిన ట్రయల్‌లో 1795 మంది ఉన్నారు, ఏడాదిన్నర చూశారు. జ్ఞాపకం, తేదీ దారీ తెలియడం, నిర్ణయం తీసుకోవడం, బయట పనులు, ఇంటి పనులు, తన ఒంటిని తాను చూసుకోవడం, ఈ ఆరింటి మీద పేషెంట్‌నీ ఇంట్లోవాళ్ళనీ అడిగి మార్కులు వేస్తారు, మొత్తం 18, ఎక్కువ వస్తే జబ్బు ఎక్కువని. మందు తీసుకోనివాళ్ళకి ఏడాదిన్నరలో 1.66 పెరిగింది, తీసుకున్నవాళ్ళకి 1.21 పెరిగింది. అంటే ఇద్దరూ కిందికే జారారు, వీళ్ళు కాస్త నెమ్మదిగా జారారు. తేడా 18లో అర మార్కు కూడా లేదు. ఇంట్లో మనిషికి ఆ తేడా తెలుస్తుందా అని డాక్టర్లలోనే ఇప్పటికీ వాదన నడుస్తోంది. తెలియకపోయినా ఇది మొదటి మెట్టు, దీని మీద రెండోది కట్టొచ్చు అని నా నమ్మకం.

ఇంక నాన్నమ్మకి ఎందుకు కుదరదంటే, ఆ ట్రయల్‌లో చేర్చుకున్నదే తొలి దశలో ఉన్నవాళ్ళని. నువ్వు లేనప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన కాగితం మీద గుండ్రంగా గీసిచ్చి, ఇందులో గడియారం అంకెలు వేసి పదకొండుంపావు చూపించండమ్మా అన్నాడు. నాన్నమ్మ పెన్ను గట్టిగా పట్టుకుని ఒకటి నుంచి పన్నెండు దాకా అన్నీ కుడిపక్కనే ఒకదాని కింద ఒకటి వేసేసింది, ఎడమపక్క అంతా ఖాళీ, ముల్లు వేయమంటే ఆ ఖాళీలో తన పేరు రాసింది. రాసి నా వైపు చూసింది, బాగా రాశానా అన్నట్టు. ఆ దశలో ఈ మందు ఇస్తే ఉపయోగమని ఎక్కడా తేలలేదు. పైగా అమిలాయిడ్ తీసేటప్పుడు కొందరికి మెదడులో వాపు వస్తుంది, చిన్న చిన్న రక్తస్రావాలు అవుతాయి. లెకానెమాబ్ ట్రయల్‌లో ఆ వాపు 12.6 శాతం మందికి స్కాన్‌లో కనిపించింది. చాలామందికి ఏ బాధా లేకుండానే తగ్గింది గానీ, ఈ మందుల వల్ల అలా చనిపోయినవాళ్ళు కూడా కొద్దిమంది ఉన్నారు. అందుకే పదే పదే ఎంఆర్ఐ తీస్తూ ఉండాలి. నాన్నమ్మ రక్తం పలచబడడానికి మాత్ర వేసుకుంటోంది, అలాంటివాళ్ళకి రక్తస్రావం రిస్కు ఇంకా ఎక్కువ. మెషీన్‌లో పడుకోబెడితే ఆవిడ ఎంత భయపడుతుందో నీకు తెలుసు. కాబట్టి వద్దని నేనూ మీ అమ్మా డాక్టర్‌తో మాట్లాడే అనుకున్నాం. డబ్బు కోసమో, పట్టించుకోకో కాదమ్మా.

నాన్నమ్మకి కావాల్సింది వేరే. సాయంత్రమయ్యేసరికి బట్టలు మూట కట్టుకుని "ఇంటికెళ్దాం పద, మా అమ్మ చూస్తూ ఉంటుంది" అంటుంది. ఇదే ఇల్లు అని వాదిస్తే ఇంకా కంగారుపడుతుంది, అందుకని మూట నేను పట్టుకుని "పదమ్మా" అని బయట ఒక రౌండు తిప్పి తీసుకొస్తా, గుమ్మం దగ్గరికి రాగానే "వచ్చేశాం" అని తనే లోపలికొస్తుంది. చీకటి పడకముందే లైట్లన్నీ వేసేస్తే ఆ కంగారు కొంచెం తగ్గుతోంది. నువ్వు వీడియో కాల్ చేసినప్పుడు "నేనెవరో చెప్పు" అని మాత్రం అడగొద్దమ్మా, నీ పేరు నువ్వే చెప్పేసి మాట మొదలుపెట్టు. గుర్తుపట్టలేకపోతున్నానని తెలిసినప్పుడు ఆవిడ మొహం చిన్నబోతుంది.

ఇప్పుడు నీ సంగతికొస్తా.

నాన్నమ్మకి ఇది డెబ్భై దాటి చాలాకాలమయ్యాక వచ్చింది. నలభైల్లోనే వచ్చేసే రకం ఒకటుంది, అది ఏపీపీ, పీఎస్ఈఎన్1, పీఎస్ఈఎన్2 అనే జీన్లలో మార్పు వల్ల తరతరాలుగా నడుస్తుంది, మొత్తం అల్జీమర్స్ కేసుల్లో అవి ఒక్క శాతం కూడా ఉండవు. మనింట్లో అలాంటి చరిత్ర లేదు. నువ్వు చేయించుకుంటానన్నది ఏపీఓఈ4 టెస్ట్ అయ్యుంటుంది, ఏపీఓఈ అనే జీన్‌లో అదొక రకం. అది ఒక కాపీ ఉంటే రిస్కు పెరుగుతుంది, రెండు కాపీలుంటే బాగా పెరుగుతుంది, అది నిజమే, నేను దాచను. కానీ ఆ జీన్ లేకుండా జబ్బొచ్చినవాళ్ళూ ఉన్నారు, ఉండి కూడా ఎనభై ఏళ్ళు హాయిగా బతికినవాళ్ళూ ఉన్నారు.

కొలంబియాలో ఒక పెద్ద కుటుంబం ఉంది, వేలమంది, వాళ్ళలో ఇందాక చెప్పిన పీఎస్ఈఎన్1 మార్పు ఉంది. అది ఉన్నవాళ్ళకి నలభై నాలుగు, నలభై ఐదేళ్ళకల్లా మతిమరుపు మొదలైపోతుంది, తప్పించుకునే దారి లేదనే అందరూ అనుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకావిడకి డెబ్భైల్లోకి వచ్చేదాకా ఏమీ కాలేదు! ఆశ్చర్యపోయి మెదడు స్కాన్ తీస్తే అమిలాయిడ్ కుప్పలు కుప్పలుగా ఉంది, కానీ ఈ జబ్బులో పేరుకునే రెండో ప్రొటీన్, టావ్ అంటారు, అది చాలా తక్కువుంది. వెతికితే ఆవిడకి ఏపీఓఈ జీన్‌లోనే క్రైస్ట్‌చర్చ్ అనే ఇంకో అరుదైన మార్పు రెండు కాపీలు ఉందని తేలింది, అదే ఆవిణ్ణి ముప్పై ఏళ్ళు కాపాడిందని 2019లో శాస్త్రవేత్తలు రాశారు. ఇప్పుడు ఆ మార్పు చేసే పనినే మందుగా మార్చగలమా అని వెతుకుతున్నారు. తప్పదనుకున్న జీన్ ఉన్న మనిషే అన్నేళ్ళు బాగున్నప్పుడు, రిస్కు మాత్రమే చెప్పే జీన్ కాగితం చూసుకుని నువ్వు ఈ వయసులో నిద్ర పాడుచేసుకోవడం నాకిష్టం లేదు. అయినా తెలుసుకోవాల్సిందే అనిపిస్తే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ కిట్ తెప్పించుకోకు, జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికెళ్ళి మాట్లాడాకే చేయించుకో, నేను కూడా వస్తా.

రక్తపరీక్ష గురించి కూడా అడుగుతావని తెలుసు. పీ-టావ్217 అని, ఇందాక చెప్పిన టావ్‌లో ఒక రకాన్ని రక్తంలో కొలిచేది, ఇప్పుడు దాని గురించే అందరూ మాట్లాడుతున్నారు. ఇంతకుముందు అమిలాయిడ్ ఉందో లేదో చూడాలంటే పెట్ స్కాన్ తీయాలి, లేదా వెన్నులోంచి నీరు తీయాలి. ఇప్పుడు మామూలుగా రక్తం తీసి చూడొచ్చు. స్వీడన్‌లో మతిమరుపుతో వచ్చిన 1213 మందికి చేసి చూశారు, అల్జీమర్సా కాదా అన్నది మామూలు డాక్టర్లు 61 శాతం సరిగ్గా చెప్పారు, స్పెషలిస్టులు 73 శాతం, రక్తపరీక్ష మాత్రం 91 శాతం. 2024లో వచ్చిన స్టడీ అది. 2025 మే నెలలో అమెరికాలో అలాంటి ఒక టెస్ట్‌కి అనుమతి కూడా వచ్చింది, కానీ అది 55 దాటి లక్షణాలు కనిపిస్తున్నవాళ్ళకి. నీలాంటి వాళ్ళకి కాదు. నాకు మాత్రం రేపో మాపో పనికొస్తుంది, ఆ మాట చివర్లో చెప్తా.

నువ్వు చేయగలిగిందీ, నేను చేస్తున్నదీ కొంచెముంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియాకి, అంటే అల్జీమర్స్ లాంటి మతి తగ్గే జబ్బులకి, 14 కారణాలు చెప్పింది, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, పొగతాగడం, మద్యం, కదలకుండా కూర్చోవడం, ఒంటరితనం, డిప్రెషన్, తలకి దెబ్బ, గాలి కాలుష్యం ఇలా. వాటినన్నిటినీ సరిచేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియా రాకుండానో ఆలస్యంగానో చేయొచ్చన్నారు. అది జనం మొత్తానికి వేసిన లెక్క, ఒక మనిషికి గ్యారంటీ కాదు. జాగ్రత్తగా ఉన్నవాళ్ళకీ వస్తుంది, నాన్నమ్మ జీవితమంతా ఎంత పద్ధతిగా ఉందో నువ్వే చూశావు. అందుకే ఎవరికైనా వస్తే వాళ్ళేదో చేసుకోలేదు కాబట్టి వచ్చిందని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నా, మీ అమ్మ చెప్పే ఉంటుంది. మెదడుకి మాటలు సరిగ్గా అందకపోతే దానికి శ్రమ ఎక్కువ, మనిషి నలుగురిలోకి వెళ్ళడం కూడా మానేస్తాడు. 977 మంది పెద్దవాళ్ళ మీద మూడేళ్ళు ట్రయల్ చేస్తే అందరినీ కలిపి చూస్తే తేడా రాలేదు గానీ, వాళ్ళలో రిస్కు ఎక్కువున్న గ్రూపులో మతి తగ్గే వేగం 48 శాతం తక్కువుంది. నాకు అది చాలు. బీపీ కూడా అంతే, పై నంబర్ 120 లోపు ఉంచినవాళ్ళలో తొలిదశ మతిమరుపు 19 శాతం తక్కువ కనిపించిందని 2019లో చూపించారు. నీకు ఎప్పుడూ తలనొప్పే కదా, ఒకసారి బీపీ చూపించుకో.

అన్నిటికన్నా నాకు నచ్చిన స్టడీ వేల్స్‌ది. షింగిల్స్ అంటే ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని పెద్దయ్యాక మళ్ళీ లేచి వచ్చే నొప్పి పొక్కులు. అక్కడ 2013 సెప్టెంబర్‌లో దానికి టీకా మొదలుపెట్టినప్పుడు 1933 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవాళ్ళకే ఇస్తామన్నారు, ఒక్కరోజు ముందు పుట్టినా ఎప్పటికీ లేదు. ఆ తేదీకి వారం ఇటు పుట్టినవాళ్ళకీ వారం అటు పుట్టినవాళ్ళకీ తిండిలో, చదువులో, డబ్బులో ఏం తేడా ఉంటుంది? తేడా అల్లా ఆ టీకా ఒక్కటే. ఏడేళ్ళ రికార్డులు తీసి చూస్తే టీకా వేయించుకున్నవాళ్ళలో కొత్తగా డిమెన్షియా వచ్చినవాళ్ళు దాదాపు 20 శాతం తక్కువ. 2025 ఏప్రిల్‌లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. అలా దాక్కుని ఉండే వైరస్‌కీ ఈ జబ్బుకీ ఏదో సంబంధం ఉందని చాలాకాలంగా కొందరు అంటూనే ఉన్నారు, ఇంకా ఖాయంగా తేల్చాలి, అయినా షింగిల్స్ నొప్పి నుంచి ఎలాగూ కాపాడుతుంది కాబట్టి నేనూ మీ అమ్మా డాక్టర్‌ని అడిగి వేయించుకుందాం అనుకుంటున్నాం.

ఆశ పెట్టుకున్నవన్నీ ఫలించవు కూడా. షుగర్‌కీ బరువుకీ వాడే సెమాగ్లూటైడ్ అల్జీమర్స్‌ని ఆపుతుందేమో అని రెండు పెద్ద ట్రయల్స్ చేశారు, 3800 మందికి పైగా, 2025 నవంబర్‌లో పనిచేయలేదని తేలిపోయింది. అందుకని రేపు ఇంకో వార్త కనిపిస్తే ఎలుకల మీద చేశారా మనుషుల మీద చేశారా, ఎంతమంది, ఏ దశలో ఉన్నవాళ్ళు, తేడా ఎంత అని చూసుకుని నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం, నాకు నీతో అలా చదవడం ఇష్టం.

ఇప్పుడు నా మాట. మెదడులో అమిలాయిడ్ పేరుకోవడం లక్షణాలు కనిపించడానికి పదిహేను ఇరవై ఏళ్ళ ముందే మొదలవుతుంది, ఇప్పుడున్న మందులు తొలిదశలోనే పనిచేస్తాయి, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. నాలో నువ్వు ఏదైనా గమనిస్తే, చెప్పిందే చెప్పడం, తెలిసిన దారి తప్పడం, లెక్కలు చూసుకోలేకపోవడం, ఉన్నట్టుండి అనుమానాలు, కోపాలు, ఇలాంటివి ఏవైనా కనిపిస్తే, నాన్న బాధపడతాడని దాచొద్దు. మీ అమ్మకి చెప్పి ఊరుకోవద్దు, నాకే మొహం మీద చెప్పు. నేను ఒప్పుకోకుండా విసుక్కుంటే ఈ ఉత్తరం తీసి చూపించు. బీ12 విటమిన్ తగ్గడం, థైరాయిడ్, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది, అవి మందులిస్తే తగ్గుతాయి, ముందు అవి చూపించి తర్వాత ఆ రక్తపరీక్షకి తీసుకెళ్ళు. నా సంతకం నేను పెట్టగలిగిన రోజుల్లోనే ట్రయల్‌లో చేరాలా, మందు తీసుకోవాలా అన్నది నేనే తేల్చుకుంటా, ఆ బరువు నీ మీద పడకూడదు. ఏవైనా ట్రయల్‌కి పిలిస్తే చేరాలనే నా ఉద్దేశం, ఇప్పుడే చెప్తున్నా.

బీపీ చూపించుకుని నంబర్ మెసేజ్ పెట్టు. ఆదివారం కాల్ సాయంత్రం కాకుండా పొద్దున చెయ్యి, పొద్దున పూట నాన్నమ్మ బాగా మాట్లాడుతోంది.

నాన్న