ధ్రువ నౌకాయాత్ర: డబ్బు కట్టకముందే తెలియవలసిన సంగతులు

సంపాదకులు గారికి,

ధ్రువ ప్రాంతాల నౌకాయాత్రల కరపత్రాలు ఈ మధ్య మా పర్లాకిమిడి దాకా వచ్చాయి. బరంపురం, రాయగడ, శ్రీకాకుళం వైపు విశ్రాంత ఉద్యోగుల కోసమే అచ్చువేసినట్టున్న ఆ కాగితాల్లో పెంగ్విన్లు, మంచుకొండలు, ఓడలోని భోజనశాల బొమ్మలే తప్ప, వెళ్ళినవారు ఏమి ఎదుర్కోవలసి ఉంటుందో ఒక్క ముక్కయినా ఉండదు. కిందటి డిసెంబరులో అమ్మాయి, అల్లుడితో కలిసి అంటార్కిటికా ద్వీపకల్పానికి వెళ్ళివచ్చాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొట్టమొదట గ్రహించవలసింది, ముందుగా ఇచ్చే కార్యక్రమ పట్టిక అంచనాయే తప్ప హామీ కాదన్న విషయం. గాలినీ మంచునూ చూసుకుని మర్నాడు ఎక్కడికి వెళ్ళేదీ యాత్రానాయకుడు, కెప్టెన్ ముందురోజు సాయంత్రం చెబుతారు. తెల్లారేసరికి అదీ మారవచ్చు. పేరున్న లెమెర్ జలసంధి మంచుతో మూసుకుపోతే ఓడ వెనక్కి తిరగవలసిందే. మాకు టిక్కెట్లు అమ్మిన ఏజెంటు రోజుకు రెండుసార్లు ఒడ్డుకు దిగడం ఖాయమని నోటిమాటగా చెప్పాడు గాని, అతడిచ్చిన ఒప్పందపత్రంలో సన్న అక్షరాల్లో అలాంటి హామీ ఏదీ లేదనే రాసి ఉంది.

ఓడ పరిమాణం సంగతి ఇంకా ముఖ్యం. అంటార్కిటికా యాత్రలు నడిపే సంస్థలు 1991లో ఏర్పరచుకున్న సంఘం నియమాల ప్రకారం, 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ నుంచి ఎవరినీ ఒడ్డుకు దింపరు. చిన్న ఓడలైనా ఒక చోట ఒకేసారి 100 మందికి మించి దింపకూడదు. నాలుగువందల మంది ఎక్కే ఓడ టిక్కెట్టు చౌకగా కనిపిస్తుంది గాని, వందేసి మంది చొప్పున వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి నేల మీద దక్కే సమయం ఎంతో ఎవరి లెక్క వారే వేసుకోవచ్చు. నన్నడిగితే, లక్షలు పోసి కిటికీలోంచి మంచు చూడడం కంటే వెళ్ళకపోవడమే నయం.

అర్జెంటీనాలోని ఉషువాయా రేవు నుంచి బయలుదేరితే డ్రేక్ జలసంధి దాటడానికి పోను రెండు రోజులు, రాను రెండు రోజులు పడుతుంది. ఇరుకైన చోట కూడా సుమారు 800 కిలోమీటర్ల వెడల్పు. ఆ అక్షాంశాల్లో భూగోళం చుట్టూ గాలికి అడ్డుపడే నేల లేకపోవడం వల్ల కెరటాలు బాగా లేస్తాయి. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు, ముందే వేసుకోవాలి. చిలీలోని పుంటా అరెనాస్ నుంచి కింగ్ జార్జ్ దీవికి రెండు గంటల్లో చేర్చే విమానాలూ ఉన్నాయి. అవీ వాతావరణం కుదిరితేనే ఎగురుతాయి.

చలి గురించి మనవాళ్ళు అనవసరంగా బెంగపడతారు. అక్కడి వేసవిలో తీరం వెంబడి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, పొరలు పొరలుగా బట్టలు వేసుకుంటే సరిపోతుంది. బెంగపడవలసింది మోకాళ్ళ గురించి. ఊగుతున్న ఓడ మెట్లు దిగి, నావికుడి ముంజేతిని మన ముంజేతితో పట్టుకుని, జోడియాక్ అనే రబ్బరు పడవలోకి అడుగుపెట్టాలి. ఒడ్డు చేరాక దాని అంచు మీద జరుగుతూ కాళ్ళు బయటికి వేసి, పిక్కల లోతు చన్నీటిలోకి దిగాలి. ఒడ్డున మరుగుదొడ్డి ఉండదు, జంతికల పొట్లం కూడా తీసుకుపోకూడదు. ఓడలో డాక్టరు ఉంటారు గాని, పెద్ద ఆసుపత్రికి చేరాలంటే సముద్రమూ వాతావరణమూ రెండూ అనుకూలించాలి. అందుచేత రోజువారీ మందులు అవసరానికి మించి దగ్గర ఉంచుకోవాలి. అత్యవసర తరలింపు ఖర్చు బీమాలో కలిసిందో లేదో ముందే చూసుకోవాలి.

దిగేముందు చేసే తనిఖీ మాత్రం నాకు ఎంతో నచ్చింది. జేబులు, సంచీలు వాక్యూమ్ క్లీనరుతో శుభ్రం చేస్తారు, బూట్లు క్రిమినాశక ద్రావణంలో ముంచుతారు. నా సంచీ వెల్క్రో పట్టీలో ఇరుక్కున్న ఉత్తరేణి గింజ ఒకటి తనిఖీ చేసే అమ్మాయి కంటపడింది. మా ఊరి మహేంద్రతనయ నది గట్టు మీద అంటుకున్నదే అయివుంటుంది. దాన్ని పట్టకారుతో లాగి పక్కన పెట్టాకే నన్ను వదిలింది. పరాయి మొక్క ఆ నేల మీద వేరూనకూడదని ఇంత జాగ్రత్త. పెంగ్వినుకు 5 మీటర్ల దూరంలో ఆగాలి. అదే మనవైపు నడిచి వస్తే మనమే తప్పుకుని దారివ్వాలి. పక్షి జ్వరం (బర్డ్ ఫ్లూ) అంటార్కిటికాకు చేరిన తరువాత నేల మీద కూర్చోవడం, సంచీ కింద పెట్టడం కూడా నిషేధించారు. చిల్కాలో డాల్ఫిన్ తల కనపడగానే నాలుగు వైపుల నుంచీ మోటారు పడవలు తోలించే మనకు ఈ క్రమశిక్షణ మొదట్లో కొత్తగానే ఉంటుంది.

ఉత్తరాన నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ యాత్రకూ ఇలాంటి నియమాలే ఉన్నాయి. 2025 నుంచి అక్కడ ధ్రువపు ఎలుగుబంటికి కనీసం 300 మీటర్లు, మార్చి నుంచి జూన్ చివరి వరకు 500 మీటర్ల దూరం పాటించాలి. నార్వే షెంజెన్ (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి) పరిధిలో ఉన్నా, ఆ దీవులు అందులోకి రావు. నార్వే మీదుగా వెళ్ళి తిరిగివచ్చే మనవాళ్ళు రెండుసార్లు ప్రవేశించడానికి చెల్లే వీసా తీసుకోవాలి.

ఓడలో ప్రయాణికులు ఎందరు, ఒడ్డుకు దిగడం రద్దయితే పరిస్థితి ఏమిటి, తరలింపు బీమా ఎవరి బాధ్యత అన్నవి తెలుగులో రాసి సంతకం చేసి ఇవ్వని ఏజెంటుకు మా జిల్లాలవారు అడ్వాన్సు కట్టవద్దని మనవి. మీ పత్రిక కూడా ఇటువంటి యాత్రల ప్రకటనలు స్వీకరించేటప్పుడు కనీసం ప్రయాణికుల సంఖ్యనైనా అందులో వేయించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా