ఫిట్స్ మాత్రలు వేసుకునే మనిషి మందగిస్తే అమ్మోనియా చూడాలి

సంపాదకులకు,

ఆర్యా,

చిత్తూరులో ఇరవై రెండేళ్లుగా మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. మూర్ఛకు ఎక్కువగా రాసే మందుల్లో ఒకటైన సోడియం వాల్‌ప్రోయేట్ వల్ల, అరుదుగానే అయినా, రక్తంలో అమ్మోనియా పెరిగి మెదడు వాచే ప్రమాదం ఉంది. ఈ సంగతి చీటీ రాసేవారికీ, అమ్మే మాలాంటివారికీ తెలిసినా, మాత్ర వేసుకునే మనిషి ఇంటిదాకా చేరడం లేదు. మెదడువాపు అనగానే మనవాళ్లకు దోమలు, జ్వరం గుర్తుకొస్తాయి. నేను చెబుతున్నది ఆ జబ్బు కాదు. ఇందులో జ్వరం ఉండనక్కరలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మా అక్కవాళ్లది పూతలపట్టు దగ్గర ఒక పల్లె. బావకు రెండేళ్లుగా వాల్‌ప్రోయేట్‌తో ఫిట్స్ అదుపులోనే ఉండేవి. నిరుడు చలికాలంలో మళ్లీ ఒకసారి వస్తే, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పాత మాత్ర మోతాదు పెంచి, దానికి తోడుగా టోపిరమేట్ అనే మరో ఫిట్స్ మందు రాశారు. మూడో వారంలో ఒకనాటి తెల్లవారుజామున ఆయన ఆవుల పాలు పితికి, ఖాళీ క్యాను పట్టుకెళ్లి పాలకేంద్రం దగ్గర వరుసలో నిలబడ్డారు. నిండు క్యాను కొట్టంలోనే ఉండిపోయింది. రెండు రోజులకు వాంతులు, పగలంతా నిద్ర, ఏదైనా అడిగితే చాలాసేపటికి గానీ జవాబు లేదు. ఊళ్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. వాళ్లను నేను తప్పుపట్టలేను, ఎందుకంటే అక్క ఫోను చేసినప్పుడు ‘కొత్త మాత్రకు మగత ఉంటుందిలే, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది’ అని చెప్పినవాణ్ణి నేనే.

తర్వాత చూపించిన చోట లివరు పరీక్షలు మామూలుగా ఉన్నాయని ఇంటికి పంపేశారు. చివరికి తిరుపతికి తీసుకువెళ్తే, అక్కడ ఒక యువ డాక్టరు ఆయనను రెండు చేతులూ ముందుకు చాచి అరచేతులు పైకెత్తమన్నారు. ఎత్తిన చేతులు మణికట్టు దగ్గర పట్టుతప్పి రెక్కల్లా కొట్టుకున్నాయి. డాక్టరు ఇంకేమీ అడగకుండా అమ్మోనియాకు రక్తం తీయించి, నమూనాను మంచుముక్కల్లో పెట్టి ల్యాబుకు పరుగున పంపారు. అమ్మోనియా బాగా ఎక్కువగా ఉందని తేలింది, సీటీ స్కానులో మెదడు కొంత ఉబ్బినట్టు కనిపించింది. వాల్‌ప్రోయేట్ ఆపి, ఫిట్స్‌కు వేరే మందు పెట్టి, సెలైన్‌లో అమ్మోనియా తగ్గడానికి లెవోకార్నిటిన్ అనే మందు ఎక్కించారు. నాలుగో రోజు పొద్దున బావ కళ్లు తెరిచి, ఆవులకు మేత ఎవరు వేస్తున్నారని అడిగారు.

జరిగిందేమిటంటే, మన ఒంట్లో ప్రొటీన్లు విరిగినప్పుడు పుట్టే అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. వాల్‌ప్రోయేట్ కొందరిలో ఆ పనికి అడ్డుపడుతుంది, ఒంటికి కావలసిన కార్నిటిన్ అనే పదార్థం నిల్వలను కూడా తగ్గిస్తుంది. టోపిరమేట్ తోడైతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. మిగిలిపోయిన అమ్మోనియా మెదడుకు చేరి, అక్కడి కణాల్లో గ్లూటమిన్‌గా మారి నీటిని లోపలికి లాగుతుంది, దాంతో కణాలు ఉబ్బుతాయి. కాలేయం దెబ్బతినకుండానే ఇదంతా జరగవచ్చు కాబట్టి, లివరు పరీక్ష బాగుందన్న మాటతో ఊరుకోవడానికి వీల్లేదు. పుట్టుకతోనే యూరియా తయారీలో లోపం ఉన్నవారికైతే ఈ మందు ఇవ్వనే కూడదు. కార్బమజెపీన్, ఆక్స్‌కార్బజెపీన్ అనే ఫిట్స్ మందులు వాడేవారిలో కొందరికి రక్తంలో సోడియం బాగా పడిపోయి, మరో దారిలో మెదడు వాపు వచ్చే వీలుంది కనుక, వాళ్లు మందగిస్తే సోడియం పరీక్ష కూడా చేయించాలి.

ఇది చదివి ఎవరూ రేపు పొద్దున మాత్ర మానేయకూడదని చేతులు జోడించి వేడుకుంటున్నాను. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఒకదాని వెంట ఒకటిగా ఆగని ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో వాల్‌ప్రోయేట్ ఉంది. ఎన్నో కుటుంబాల్లో బీగాల గుత్తి చేతిలో పెట్టే రోజులను దూరం చేసిన మందు అది. అమ్మోనియా కాస్త పెరిగినా ఏ ఇబ్బందీ లేకుండా తిరిగేవారే ఎక్కువ. మాత్ర మొదలుపెట్టాకో, మోతాదు పెంచాకో, ఇంకో మందు కలిపాకో మనిషి తేడాగా కనిపిస్తే, మాత్రల స్ట్రిప్పులన్నీ చేతపట్టుకుని ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లి ‘అమ్మోనియా చూస్తారా’ అని అడగాలి.

అడిగినా మన ప్రాంతంలో చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో ఆ పరీక్ష దొరకడం కష్టం. రక్తం తీసి గంటలకొద్దీ బయట ఉంచితే అంకె తప్పుగా పెరిగిపోతుంది కాబట్టి, ఎక్కడో తీసి బస్సులో తిరుపతికి పంపితే లాభం లేదు. ఏరియా ఆసుపత్రుల్లోనైనా ఈ సదుపాయం పెట్టాలని చిత్తూరు, తిరుపతి జిల్లాల వైద్యాధికారులను కోరుతున్నాను. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. 1800 180 3024 నంబరుకు రోగి బంధువులు కూడా ఉచితంగా ఫోను చేసి చెప్పవచ్చు. నా దుకాణానికి వచ్చేవారిలో ఆ సంగతి తెలిసినవారు ఒక్కరూ కనబడలేదు. బావ విషయం నేను చెప్పాను.

పెట్టెలో వచ్చే కాగితం ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కంపెనీలు తెలుగులో వేసేదాకా ఆగకుండా, ఈ మందు అమ్మే ప్రతి దుకాణంలోనూ కవరు మీద ఒక్క వాక్యం రాసివ్వాలని తోటి ఫార్మసిస్టులను అడుగుతున్నాను. నేను ఎర్ర సిరాతో ఇలా రాస్తున్నాను: ‘మత్తు, వాంతులు, తికమక కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించండి, మాత్ర మీ అంతట మీరు ఆపవద్దు.’

భవదీయుడు,
ఒక ఫార్మసిస్టు,
చిత్తూరు