తొలి ఆర్డరు ఎవరిస్తారు? కేంద్ర కమ్యూనికేషన్ల సహాయ మంత్రికి బహిరంగ లేఖ

డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ సిటీలో టెలికం పరికరాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో హార్డ్‌వేర్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మీరూ కంపెనీ పెట్టి నడిపినవారే కాబట్టి సూటిగా చెబుతాను.

మా రంగంలో అందరూ గౌరవంగా తలుచుకునే పేరు సంజయ్ నాయక్. 2000లో పారిశ్రామికవేత్త గురురాజ్ దేశ్‌పాండే అండతో తేజస్ నెట్‌వర్క్స్ అనే టెలికం పరికరాల కంపెనీని ఈ ఊళ్లోనే మొదలుపెట్టారు. ఐఐఎస్సీలో పాఠాలు చెప్పే కుమార్ శివరాజన్ ఆ ఉద్యోగం వదిలి వచ్చి కలిశారు. కొద్ది రోజులకే ప్రపంచమంతటా టెలికం మార్కెట్ కుప్పకూలింది. వీళ్లు మాత్రం ఆప్టికల్ ఫైబర్ పరికరాల డిజైన్ ఆపలేదు. 2017లో కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది, 2021లో టాటాలు కొనడానికి ముందుకొచ్చారు. నాయక్ 2023లో పగ్గాలు వదిలారు. అదే ఏడాది బీఎస్ఎన్ఎల్ 4జీ కోసం లక్ష సైట్ల పరికరాలకు టీసీఎస్ నుంచి తేజస్‌కు రూ.7,492 కోట్ల ఆర్డరు వచ్చింది. అంత పెద్ద ఆర్డరు చూడటానికి ఇరవై ఏళ్లు దాటింది. అన్నేళ్లు ఓపిక పట్టే స్తోమత ఎంతమందికి ఉంటుంది సార్?

యాప్‌లో తప్పుంటే రాత్రికి రాత్రే సరిదిద్దొచ్చు. మేం తయారుచేసే పరికరం ఏసీ చెడిపోయిన ఎక్స్చేంజి గదిలో, అనంతపురం ఎండలో, కరెంటు వస్తూ పోతూ ఉన్నా ఏళ్ల తరబడి నడవాలి. అందుకే ప్రతి డిజైన్‌నూ థర్మల్ చాంబర్‌లో పెట్టి వేడిచేస్తాం, చల్లబరుస్తాం, మళ్లీ వేడిచేస్తాం. కెపాసిటర్ లాంటి ఒక్క చిన్న విడిభాగం పోయినా కథ మళ్లీ మొదటికి వస్తుంది. కొత్త సర్క్యూట్ బోర్డు చేతికి రావడానికి వారాలు పడుతుంది. జీతాలు మాత్రం ఒకటో తారీఖుకి ఇవ్వాల్సిందే.

ఇంత చేసి టెండరుకి వెళ్తే, గతంలో ఎక్కడ సప్లై చేశారో సర్టిఫికెట్ అడుగుతారు. ఎవరూ కొననప్పుడు అది ఎక్కణ్నుంచి తేవాలి? స్టార్టప్‌లకు ఈ షరతు సడలించే వీలు 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో ఉంది. కానీ రేపు ఆడిట్‌లో ఏమంటారోనని సంతకం పెట్టే అధికారికి టెన్షన్. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన వెనక నిలబడే వ్యవస్థ లేదు, అదీ అసలు లోపం. ఇక డబ్బుల సంగతి. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఒక ప్రభుత్వ కొనుగోలుదారు దగ్గర మా బిల్లు అంతకు ఎన్నో రెట్లు ఆలస్యమైంది. మా యజమాని ఇల్లు తాకట్టు పెట్టి జీతాలిచ్చారు.

1986లో కర్ణాటకలోని కిత్తూరులో ప్రభుత్వ టెలికం పరిశోధన సంస్థ సీడాట్ గ్రామీణ టెలిఫోన్ ఎక్స్చేంజి పెట్టినప్పుడు దానికి ఏ అనుభవ సర్టిఫికెట్ ఉంది? ప్రభుత్వమే నమ్మి పెట్టించింది. తర్వాత దేశంలో ఊరూరా ఫోన్లు మోగాయి.

ప్రభుత్వ టెలికం నిధి అయిన డిజిటల్ భారత్ నిధి నుంచి పరిశోధనకు సాయం అందుతోంది, అందుకు కృతజ్ఞతలు. అక్కడితో ఆపకండి. ఆ సాయంతో తయారై, ప్రభుత్వ పరీక్షలు నెగ్గిన పరికరాన్ని బీఎస్ఎన్ఎల్ కనీసం ఒక జిల్లాలో డబ్బు చెల్లించి వాడేలా ఉత్తర్వు ఇప్పించండి. కొనే నిర్ణయం ఒక్క అధికారి నెత్తిన కాకుండా కమిటీ పేరున ఉండాలి, బిల్లుకి గడువు కూడా అందులోనే రాయాలి. మీ గుంటూరుతోనే మొదలుపెడితే, పరికరాలు బిగించడానికి మేమే వస్తాం.

భవదీయుడు,
బెంగళూరులో ఒక తెలుగు ఇంజినీరు