ఆ కుండీల్లో మళ్లీ ఏమైనా వెయ్యమ్మా

అమ్మలూ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదని ఈ ఉత్తరం రాయడం లేదు. పని ఒత్తిడి ఉంటుంది, తెలుసు. ఇక్కడ పుదీనా గుబురుగా వచ్చింది, నువ్వు గుర్తొచ్చావు, అంతే.

చంటి మొన్న మీ ఇంటికి వచ్చి వెళ్లాడు కదా. వంటగది కిటికీలో కుండీలన్నీ ఎండిపోయాయనీ, గ్యాస్ పొయ్యి మీద దుమ్ము ఉందనీ చెప్పాడు. వాడు ఏదైనా రెండింతలు చేసి చెబుతాడని మీ అమ్మతో అన్నాను. ఆమెకి మాత్రం అప్పటినుంచి సరిగ్గా నిద్ర లేదు.

సరే, ఆ మాట వదిలేద్దాం. ముందు కొత్తిమీర వెయ్యి. ధనియాల్ని అరచేత్తో నొక్కి రెండు బద్దలు చెయ్యి, ఒక్కో బద్దలో ఒక్కో విత్తనం ఉంటుంది. ఏ కుండీలో పెంచాలో అందులోనే చల్లు. దాని తల్లివేరు లోతుకి దిగుతుంది, పీకి వేరేచోట నాటితే సరిగ్గా నిలదొక్కుకోదు. మొలక రావడానికి వారం పట్టొచ్చు, రెండు వారాలూ పట్టొచ్చు. మధ్యలో మట్టి గెలికి చూడకు, నీకు చిన్నప్పటినుంచీ ఆ అలవాటుంది. ఎండలు ముదిరితే ఆకు సన్నబడి పూతకొచ్చేస్తుంది. అందుకని రెండు మూడు వారాలకోసారి కాసిని గింజలు కొత్తగా చల్లుతూ ఉండాలి. ఎండ రోజూ ఐదారు గంటలైనా తగలాలి. నువ్వు కిటికీ తెరుస్తున్నావా అసలు? పగలంతా కర్టెన్లు వేసే ఉన్నాయన్నాడు చంటి.

నీళ్ల విషయంలో బుజ్జిమామయ్య సంగతి నీకు చెప్పానో లేదో. ఆయన పుదీనా ఒకసారి తలలు వాల్చేసింది. దాహం వేస్తోందనుకుని పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోశాడు. ఆకులు పసుపెక్కాయి. ఇంకా పోశాడు. అత్తయ్య వద్దంటే ఆమె మీద కసురుకున్నాడు. చివరికి మీ నానమ్మ వచ్చి కుండీ ఒక పక్కకి వంచి చూసింది. కింద చిల్లు మట్టితో పూడుకుపోయి ఉంది. మొక్కని బయటికి తీస్తే వేళ్లు గోధుమరంగులో మెత్తగా కుళ్లి వాసనొస్తున్నాయి. వేళ్లకి ఊపిరాడకపోతే చుట్టూ నీళ్లున్నా అవి తాగలేవు, అందుకే మొక్క దాహంతో ఉన్నట్టే వాలిపోతుంది. నానమ్మ బాగున్న కొమ్మలు నాలుగు తుంచి, కింది ఆకులు తీసేసి, గ్లాసుడు నీళ్లలో పెట్టింది. కొన్నాళ్లకి కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు సన్నగా దారప్పోగుల్లా వచ్చాయి. ఇప్పుడు మన ఇంట్లో ఉన్న పుదీనా ఆ కొమ్మలదే. కాబట్టి నువ్వు ముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూడు, తడి తగిలితే నీళ్లు పోయొద్దు. పుదీనాని వేరే కుండీలోనే పెట్టు, పక్కన ఏదున్నా మింగేస్తుంది.

ఒక్కదాని కోసం ఏం వండుకుంటాను అంటావని తెలుసు. కుక్కర్లో అన్నం, ఒక కూర. దించే ముందు గుప్పెడు కొత్తిమీర వేసి మూతపెట్టు, ముందే వేస్తే ఉడికి వాసనంతా పోతుంది. కాడలు పారెయ్యకు, సన్నగా తరిగి కూరలో వేస్తే అసలు రుచి వాటిలోనే ఉంటుంది. కరివేపాకు మాత్రం కాగిన నూనెలోనే పడాలి, దాని ఘుమఘుమ నూనెకి ఎక్కుతుంది. ఎండబెట్టిన ఆకులు వాడితే పచ్చివాటిలో మూడో వంతు చాలు. మిగిలిన కొత్తిమీర కాడల్ని గ్లాసు నీళ్లలో నిలబెట్టి, పైన కవరు కప్పి ఫ్రిజ్‌లో పెట్టు. బేసిల్ అని తులసిలాంటి ఆకు ఉంటుంది కదా, దాన్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకు, చలికి నల్లబడతాయి.

వేళకి తినడం ముఖ్యమమ్మా. ఆఫీసు ఎక్కడికీ పోదు. రాత్రి పది దాటాక బిస్కెట్లు తిని పడుకుంటే మర్నాడు తల తిరగదూ? పోయినసారి నీ గొంతు బాగా నీరసంగా వినిపించింది. నేనేమీ అడగలేదు, ఇప్పుడూ అడగను. ఏదైనా మనసులో ఉంటే అమ్మకి చెప్పు, నాకు చెప్పకపోయినా పర్లేదు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వీడియో కాల్ చేస్తాను, కుండీలు చూపించు. చిల్లులు పూడుకుపోయి ఉంటే ముందే పుల్లతో పొడిచి పెట్టు. ఎత్తకపోతే నేనూ అమ్మా సోమవారం బండికి బయలుదేరి వస్తాం, టికెట్లు చూసి ఉంచాను.

నాన్న