యాన్ టెర్లౌ అంటే మాజీ మంత్రేనా?
నెదర్లాండ్స్ నేత యాన్ టెర్లౌ మీద మీరు వేసిన చిన్న వార్తలో ‘మాజీ ఉప ప్రధాని’ అని రాసి వదిలేశారు, ఆయన అక్కడ తరతరాల పిల్లలు చదివిన రచయిత అన్న ముక్కే లేదు. భౌతిక శాస్త్రవేత్త అయిన ఆయన 1971లో డి66 పార్టీ తరఫున పార్లమెంటులో అడుగుపెట్టిన ఏడాదే ‘కోనింగ్ ఫాన్ కాటోరెన్’ (కాటోరెన్ రాజు) అనే పిల్లల నవల వచ్చింది, అందులో ఒక కుర్రాడు రాజు కావాలంటే మంత్రులు పెట్టే ఏడు పరీక్షలు నెగ్గాలి, వాటిలో పొగ కక్కే డ్రాగన్ కూడా ఉంది, అంటే కాలుష్యమే (తాను మంత్రి కావడానికి పదేళ్ల ముందే మంత్రులకు ఇన్ని చురకలు!). 1972లో వచ్చిన ‘ఓర్లోఖ్స్‌వింటర్’ (యుద్ధకాలపు చలికాలం) నవల వెనక రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణలో గడిచిన ఆయన బాల్యం ఉంది, 2008లో సినిమా కూడా అయింది. రాజకీయాలంటారా, 1981లో 17 సీట్లు తెచ్చిన పార్టీ మరుసటి ఏడాదే 6కి పడిపోయింది, ఆయన నాయకత్వం వదిలేశారు. వార్తా ఏజెన్సీ ఇచ్చిన పదవుల జాబితాను అలాగే దించకుండా, ఇలాంటి వారి గురించి రాసేటప్పుడు పుస్తకాలకూ నాలుగు వాక్యాలు కేటాయించండి, వీలైతే ఆదివారం పిల్లల పేజీలో ఆ ఏడు పరీక్షల కథను అనుమతి తీసుకుని క్లుప్తంగా వేయండి.