లైసెన్స్ సరే, ట్రిప్ షీట్ ఏదండీ? పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల మంత్రి శ్రీ కింజరాపు అచ్చెన్నాయుడు గారికి,

నమస్కారం.

మాది శ్రీకాకుళం టౌను. ఇరవై రెండేళ్లు ప్రైవేటు ట్రావెల్స్ బస్సు తోలాను. సాయంత్రం హైదరాబాద్‌లో బయల్దేరితే మర్నాడు పొద్దున్నకి శ్రీకాకుళం, అక్కణ్ణుంచి పలాస. మీ నిమ్మాడ మీదుగా ఎన్ని వందల సార్లు వెళ్లుంటానో లెక్క లేదు. మోకాళ్లు అరిగిపోయి మూడేళ్ల కిందట మానేశాను. ఇప్పుడు ఇంటి ముందే చిన్న కిరాణా కొట్టు.

ఈ ఉత్తరం కుక్కపిల్లల గురించి. జీడిపిక్కల ధర గురించీ, సాగునీటి గురించీ వచ్చే అర్జీల మధ్య ఇదేం గోల అనుకుంటారేమో. కానీ ఇది మీ శాఖ పనే, ఇంకెవరికి రాయను?

బస్సు డిక్కీలో ఏమేం వస్తాయో పైన కూర్చున్న వాళ్లకు తెలీదు. మందుల పెట్టెలు, మోటారు స్పేర్లు, పెళ్లి బట్టల మూటలు, అప్పుడప్పుడూ పక్కలకి చిల్లులు పొడిచిన అట్టపెట్టెలు. ఆ చిల్లుల్లోంచి చిన్న చిన్న ముక్కులు కనిపించేవి. పెట్టెకి రెండు వందలు. నేనూ క్లీనరూ చెరి సగం. తీసుకున్నాను, దాచుకోవడం ఎందుకు. ఏసీ పైన ప్రయాణికులకే గానీ డిక్కీకి ఉండదు కదా. సూర్యాపేట దగ్గర టీకి ఆపితే లోపల్నుంచి కుయ్యి కుయ్యిమని వినబడేది. విజయవాడలో ఆపేసరికి చప్పుడుండేది కాదు. పడుకున్నాయిలే అనుకునేవాళ్లం. పొద్దున్న సింహద్వారం దగ్గర ఒక కుర్రాడు బండేసుకొచ్చి దించుకునేవాడు. పెట్టె తెరిచి చూసి ఒక్కోసారి ఒకదాన్ని తీసి పక్కన పెట్టేసేవాడు. ఎందుకని నేను అడగలేదు. టైమైపోయింది, పలాస వెళ్లాలి.

కిందటేడు మా మనవరాలి పుట్టినరోజుకి మా అబ్బాయి ఒక షాపులో లాబ్రడార్ పిల్లని కొన్నాడు. పద్నాలుగు వేలు. ఆ షాపు పేరు ఇక్కడ రాయను, అది వేరే గొడవ. ‘లైసెన్స్ ఉన్న బ్రీడర్ దగ్గర్నుంచి తెచ్చిందండీ, అన్ని కాగితాలూ ఉన్నాయి’ అన్నారు. బ్రీడర్ అంటే కుక్కల్ని ఈనిపించి పిల్లల్ని అమ్మేవాడు. కాగితం మీద అరవై రోజుల పిల్ల అని రాసుంది. రెండు టీకాలు వేసినట్టు ఒక పుస్తకం కూడా ఇచ్చారు. మనవరాలు దానికి బూరె అని పేరు పెట్టింది. నాలుగో రోజు నుంచి వాంతులు, ఆ తర్వాత రక్తంతో విరేచనాలు. పశువుల డాక్టరు గారు చూసి పార్వో అన్నారు. నోరు తెరిచి పళ్లు చూసి, ‘ఇది అరవై రోజుల పిల్ల కాదండీ, నలభై దాటి ఉండదు’ అన్నారు. టీకాల పుస్తకంలో స్టిక్కర్లు ఉన్నాయి గానీ వేసిన డాక్టరు పేరు గానీ సంతకం గానీ లేవు. మూడు రోజులు సెలైన్ పెట్టించాం. బతకలేదు. పార్వో వైరస్ ఇంట్లో నెలల తరబడి ఉంటుంది, ఇప్పుడప్పుడే ఇంకో పిల్లని తేవద్దు అన్నారు. మా ఆవిడ వారం రోజులు బ్లీచింగుతో నేల కడిగింది.

షాపు వాళ్లని అడిగితే ‘మా తప్పేముందండీ, లైసెన్స్ ఉన్న చోటనుంచే తెచ్చాం’ అన్నారు. బ్రీడర్ ఎవరంటే వేరే రాష్ట్రంలో ఒక ఊరి పేరు చెప్పారు. ఫోన్ నంబరు చేస్తే కలవలేదు.

ఆ మాటే నన్ను తినేస్తోంది. లైసెన్స్ ఉంది, ఉంది, ఉంది. అయ్యా, నాకూ హెవీ లైసెన్స్ ఉండేది. ఆ లైసెన్స్ చెప్పేదల్లా నేను ఎప్పుడో ఒకసారి టెస్టు పాసయ్యానని. నిన్న రాత్రి నిద్రపోయానా, బ్రేకులు చూసుకున్నానా, బస్సులో ఎంతమంది ఉన్నారు, ఇవేవీ అది చెప్పదు. అందుకే చెక్‌పోస్టులో ఆపితే లైసెన్స్ ఒక్కటే చూసి వదిలేసేవారు కాదు. పర్మిట్, ఫిట్‌నెస్, ట్రిప్ షీట్ అన్నీ అడిగేవారు. ఏ బండి, ఏ రోజు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఇదంతా ఆ ట్రిప్ షీట్‌లో ఉండేది. పద్నాలుగు వేలు పెట్టి కొన్న ప్రాణానికి ఆ మాత్రం ట్రిప్ షీట్ లేదు.

నియమాలు లేక కాదు. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం 2017లో నిబంధనలు పెట్టింది. బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లి కుక్కకి 18 నెలలు నిండాకే ఈనిపించాలి, ఏడాదికి ఒక్క ఈతే, జీవితం మొత్తంలో అయిదు ఈతలు దాటకూడదు. 2018లో పెట్ షాపులకి కూడా విడిగా నిబంధనలు వచ్చాయి. చిన్న జీవుల మీద ఇంత శ్రద్ధ పెట్టి రాసినవాళ్లకి దండం పెట్టాలనిపించింది, నిజంగా. కానీ తల్లికి అది మూడో ఈతో ఏడో ఈతో షాపు అద్దం బయట నిలబడ్డ మనిషికి ఎలా తెలుస్తుంది? తల్లి అక్కడ ఉండదు. వచ్చింది పిల్ల ఒక్కటే, అదీ అట్టపెట్టెలో. రిజిస్టరైన బ్రీడర్ల జాబితా చూపించమని ఒక ఆఫీసుకి రెండుసార్లు తిరిగాను. రెండుసార్లూ ‘సార్ మీటింగులో ఉన్నారు’ అన్నారు. ఇక జరిమానా సంగతి. జంతువుని హింసిస్తే 1960 నాటి చట్టం ప్రకారం మొదటిసారి పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. మా కొట్లో బిస్కెట్ ప్యాకెట్ల లెక్క.

మా అక్క కొడుకు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటాడు. బూరె సంగతి విని, అక్కడ 2024 డిసెంబర్ నుంచి పెట్ షాపుల్లో కుక్కపిల్లల్నీ పిల్లుల్నీ కుందేళ్లనీ అమ్మనివ్వట్లేదని చెప్పాడు. కాలిఫోర్నియాలో 2019 నుంచే ఆపారట. షాపుల వాళ్లు అక్కడా ఇదే మాట అన్నారట, మేం ప్రభుత్వ లైసెన్స్ ఉన్న బ్రీడర్ల దగ్గరే కొంటాం, మమ్మల్ని మూయిస్తే జనం ఆన్‌లైన్ మోసగాళ్ల పాలవుతారు అని. అక్కడి లైసెన్సుకి కావలసిన పంజరం కొలత చెప్పాడు. కుక్క ముక్కు నుంచి తోక మొదలు దాకా ఎంత పొడవుందో దానికి ఇంకో ఆరంగుళాలు కలిపితే చాలట. నిజమేనా అని రెండుసార్లు అడిగాను. ఇంగ్లండ్‌లో అయితే 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలలలోపు పిల్లని కొనాలంటే పెంచినవాడి దగ్గరే కొనాలి, తల్లితో పాటు చూడాలి. లూసీ అనే కుక్క పేరు మీద ఆ చట్టాన్ని పిలుస్తారు. ఏళ్ల తరబడి పిల్లల కోసమే వాడుకుని నడుం వంకర పోయిన కుక్క అది.

షాపులు మూయించమని నేను అడుగుతానని అనుకుంటున్నారేమో. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. షాపుల వాళ్ల వాదనలో కొంత నిజముంది. షాపుకి ఒక గుమ్మం ఉంటుంది, వెళ్లి నిలదీయొచ్చు. ఫోన్ గ్రూపుల్లో ఫోటో పెట్టి, డబ్బులు వేయించుకుని, బస్సెక్కించేవాణ్ణి ఎక్కడ పట్టుకుంటాం? నేను మోసిన పెట్టెల్లో సగం ఇలాంటివే. సింహద్వారం దగ్గరికొచ్చే ఆ కుర్రాడు కూడా చెడ్డవాడు కాదు, జీతానికి పనిచేసేవాడు. కానీ షాపు ఉండాలంటే దాణా, బెల్టులు, గిన్నెలు అమ్ముకుని బతకొచ్చు. పిల్లని మాత్రం తల్లి ఉన్న చోటే కొనాలన్నది నా అభిప్రాయం. మరీ ఆ హస్కీల్ని చూస్తే! మంచులో బళ్లు లాగే కుక్కని తెచ్చి మే నెల ఉక్కలో శ్రీకాకుళంలో అమ్ముతున్నారు. దాన్ని కొన్నవాళ్లని చూసినా జాలేస్తుంది.

షాపుల్లో పిల్లల అమ్మకం ఆపాలంటే పెద్ద చర్చే జరగాలి, అది ఒక్కరోజులో తేలదని తెలుసు. ఈలోగా మీ చేతిలో ఉన్నది చేయండి. రిజిస్ట్రేషన్ ఇచ్చేది రాష్ట్ర బోర్డే. కాబట్టి రిజిస్టరైన బ్రీడర్లు, షాపుల జాబితాని జిల్లాలవారీగా ఎవరైనా ఫోన్లో చూసుకునేలా పెట్టించండి. పిల్లని అమ్మిన ప్రతి బిల్లు మీద తల్లి మైక్రోచిప్ (గుర్తు కోసం చర్మం కింద పెట్టే చిప్పు) నంబరు, ఈనిన తేదీ, అది ఎన్నో ఈత, టీకా వేసిన డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలని ఒక ఆర్డరు ఇప్పించండి. నేను ట్రిప్ షీట్ అంటున్నది దీన్నే. పక్కన గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, చిప్పులు చదివే మిషను పట్టుకుని నెలకోసారి షాపులు తిరగడానికి మనుషులు దొరక్కపోరు. కుక్కల్ని రోడ్డు మీద గానీ రైల్లో గానీ పంపాలంటే వెంట పశువైద్యుడి ఆరోగ్య పత్రం ఉండాలని 1978 నిబంధనల్లోనే ఉంది. రవాణా శాఖతో మాట్లాడి ట్రావెల్స్ ఆఫీసులన్నిటికీ ఆ సంగతి ఒక్క కాగితం మీద పంపించినా చాలు. నా ఇరవై రెండేళ్లలో నన్ను ఎవరూ ఆ పత్రం అడగలేదు. అడిగుంటే నేను ఆ పెట్టెలు ఎక్కించుకునేవాణ్ణి కాదు. రెండు వందల కోసం బస్సు ఆపించుకునే డ్రైవరు ఎవడూ ఉండడు.

పెట్టెలు ఎక్కువగా వచ్చేది సంక్రాంతి ముందూ, వేసవి సెలవుల మొదట్లోనూ. ఏ టైముకి ఎక్కడ దించుతారో నాకు తెలుసు. మీ అధికారులు ఎవరైనా తెల్లవారుజామున నాలుగున్నరకి వస్తానంటే నేనే తీసుకెళ్లి చూపిస్తాను. టీ నా ఖర్చు.

ఇట్లు,
ఒక మాజీ బస్సు డ్రైవరు,
శ్రీకాకుళం