ముందు లింకులు తీయాలి, ఆ తర్వాతే ఫోల్డరు

సంపాదకులకు,

పుస్తకాల పుటలు కూర్చే టెక్ లైవ్ గురించి మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసంలో, కొత్త సంవత్సరపు కూర్పు ఎక్కించాక పాత ఫోల్డరును చెరిపేస్తే చాలన్న సలహా ఉంది. లైనక్స్‌లో ఆ వరుస చిక్కు తెస్తుంది.

టెక్ లైవ్ ప్రతి ఏటి కూర్పూ వేరే ఫోల్డరులో ఉంటుంది. ఆదేశాలు ఎక్కడి నుంచైనా పలకడానికి టెక్ లైవ్‌ను నిర్వహించే టీఎల్ఎంజీఆర్ అనే ప్రోగ్రాముతో ఇచ్చే ‘టీఎల్ఎంజీఆర్ పాత్ యాడ్’ అనే ఆదేశం, మామూలుగా యూఎస్ఆర్ లోకల్ బిన్ అనే చోట, సింబాలిక్ లింకులు పెడుతుంది. ఈ లింకులు అసలు ఫైళ్లు కావు, వాటి చిరునామాలు మాత్రమే కనుక, ఫోల్డరు పోయినా అవి అక్కడే మిగిలి, పేరు కళ్లెదుట కనిపిస్తున్నా అలాంటి ఫైలే లేదనిపిస్తాయి.

పాత ఫోల్డరును ఉంచితే ఇంకా తంటా. 2020 కూర్పు ఎక్కించి, లింకులు మార్చడం మరచి, తెలుగు వత్తులు చెదిరిపోతుంటే రెండు రోజులు ఫాంటును తిట్టుకున్నాను. లింకు చివరికి ఎక్కడికి చేరుతుందో చూపే ‘రీడ్‌లింక్’ ఆదేశాన్ని మైనస్ ఎఫ్‌తో ఇచ్చి చూస్తే, నేను పుటలు కూర్చడానికి ఇచ్చే లువాలాటెక్ అనే ఆదేశం పేరు 2019 ఫోల్డరులోని లువాటెక్ అనే ప్రోగ్రాము దగ్గర తేలింది. అక్షరాలను పొందిగ్గా అమర్చే హార్ఫ్‌బజ్ ఉన్న లువాహెచ్‌బీటెక్‌కు ఆ పేరు ముడిపడింది 2020 కూర్పులోనే. పాపం, ఫాంటు తప్పేమీ లేదు.

కాబట్టి ముందుగా పాత కూర్పులోని టీఎల్ఎంజీఆర్‌తోనే ‘పాత్ రిమూవ్’ ఇవ్వాలి. తర్వాత కొత్త కూర్పులోని టీఎల్ఎంజీఆర్‌ను, అప్పటికి దానికి లింకు ఉండదు కనుక, పూర్తి చిరునామాతో పిలిచి ‘పాత్ యాడ్’ ఇవ్వాలి. రెంటికీ నిర్వాహకుడి అధికారాన్నిచ్చే సుడో కావాలి. మనం టైపు చేసే ఆదేశాలను నడిపే బ్యాష్ పాత చిరునామాను గుర్తుంచుకునే అవకాశం ఉంది గనుక, దాన్ని మరిపించే ‘హ్యాష్ మైనస్ ఆర్’ కూడా ఇచ్చి, రీడ్‌లింక్‌తో సరిచూసుకున్నాకే పాత ఫోల్డరును తీసేయాలి. లింకుల గొడవ ఎందుకని ప్రోగ్రాములనే నకలు చేసి పెట్టడం ఇంతకన్నా చెడ్డ ఉపాయం: ఆ ప్రోగ్రాములు లింకు వెనకున్న తమ అసలు చోటును బట్టే మిగతా ఫైళ్లను వెతుక్కుంటాయి.

ఆ సలహాలోని వరుసను సవరించి ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తెనాలి